చెట్టు క్రింద వైద్య బడి – డాక్టర్ ఐడా స్కడ్డర్ అమ్మగారి జీవితము

మన డయోసీసు శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదిగా సంపాదకవర్గము వారు కోరినప్పుడు, ఎవరిని గూర్చి వ్రాయవలెనని మేము కొన్ని దినములు ఆలోచించితిమి. అధ్యక్షుల చరిత్రలు, ఆలయ నిర్మాణముల చరిత్రలు ఈ సంచికలో మాకంటె యోగ్యులైనవారు వ్రాయగలరు. కోటబొమ్మాళి పరిసరములలో సేవ చేసిన మాకు ఒక మాత్రల రేకు కారణముగా వేరొకరి జీవితము మనస్సులో మెదలినది. ఆమె మన జిల్లావారు కారు, తెలుగువారును కారు. అయినను ఆమె జీవితము మన సంఘస్థులు తెలిసికొనవలసినదని తలచి వ్రాయుచున్నాము.

మొదట ఆ మాత్రల రేకు సంగతి చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వైద్య కళాశాల విద్యార్థులు ఒక దినము మా గ్రామ సంఘములలో ఒకదానికి వచ్చారు. ఏర్పాట్లన్నియు మేమే చేసితిమి. ఆలయము ఎదుట షామియానా వేయించితిమి, బేనరు కట్టించితిమి, మైకులో పిలిపించితిమి. సుమారు నూరుమందికి రక్తపోటు చూచి, పది దినములకు మాత్రలిచ్చి, భోజనమైన పిమ్మట ఫోటో తీసికొని వారు వెళ్ళిపోయారు. ఫోటోలో మేమును ముందు వరుసలోనే ఉన్నాము. మూడు వారములైన తరువాత మన సంఘములోని ఒక ముసలమ్మ ఆరాధన ముగియగానే ఖాళీ అయిన మాత్రల రేకును కొంగున ముడివేసికొని వచ్చి, ఆ పిల్లలు మళ్ళీ ఎప్పుడు వస్తారు అయ్యగారూ అని అడిగినది. మా యొద్ద జవాబు లేదు. ఆ రేకును ఆమె పారవేయలేదు, వచ్చినప్పుడు చూపించవలెనట. ఆ రాత్రి, వేదాంత కళాశాలలో చదివే దినములలో ఎప్పుడో చదివిన ఐడా స్కడ్డర్ అమ్మగారి చరిత్ర మాకు జ్ఞాపకము వచ్చినది.

స్కడ్డర్ కుటుంబము పేరు దక్షిణ దేశపు సంఘములకు క్రొత్తది కాదు. ఆమె తాతగారు డాక్టర్ జాన్ స్కడ్డర్ గారు 1819లో అమెరికానుండి సింహళమునకు వచ్చిన వైద్య మిషనరీ. అమెరికానుండి పరదేశమునకు వెళ్ళిన వైద్య మిషనరీలలో ఆయనే మొదటివారని చెప్పుదురు. ఆయన కుమారులు, మనుమలు, మనుమరాండ్రు అనేకులు ఈ దేశములోనే సేవ చేశారు. వారి ఆర్కాటు మిషను పని మన తెలుగు ప్రాంతములలోనికి కూడ వ్యాపించినది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు సంఘములవారికి ఈ చరిత్ర ఇంటి చరిత్రయే.

ఐడా సోఫియా స్కడ్డర్ గారు 1870 డిసెంబరు 9వ తేదీన ఉత్తర ఆర్కాటు జిల్లా రాణిపేటలో జన్మించారు. తండ్రి పేరు కూడ డాక్టర్ జాన్ స్కడ్డరే, తల్లి సోఫియా గారు. అయిదుగురు అన్నల తరువాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల. ఆమెకు ఏడెనిమిదేండ్ల వయస్సులో మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చినది. ఆకలితో నకనకలాడే పిల్లల చేతిలో రొట్టె ముక్కలు పెట్టే పని ఆ చిన్నపిల్లకు కూడ వచ్చినది. నోటిలో పెట్టుకొనే ఓపిక కూడ లేని పిల్లలను ఆమె ఆ వయస్సులోనే చూచినది. తరువాత అమెరికా వెళ్ళి, మసాచుసెట్సు రాష్ట్రములో ప్రసంగీకుడు మూడీ గారు స్థాపించిన నార్త్‌ఫీల్డు బాలికల పాఠశాలలో చదివినప్పుడు, మరల ఇండియాకు రాకూడదనియు, మిషనరీ కాకూడదనియు ఆమె గట్టిగా నిశ్చయించుకొనినది. ఇది దాచవలసిన సంగతి కాదు. మిషనరీ బంగళాలో పుట్టినంత మాత్రమున పిలుపు రాదు. పాస్టరుల ఇండ్లలో పిల్లలను పెంచుచున్న మావంటివారికి ఈ మాట బాగుగా తెలియును.

1890లో తల్లిగారికి జబ్బు చేయగా, సహాయము చేసి వెంటనే తిరిగి పోవలెనని ఆమె తిండివనము వచ్చారు. అక్కడ జరిగిన ఒక్క రాత్రి సంగతి ఆమె జీవితమంతయు చెప్పుచు వచ్చారు. రాత్రి ఆమె చదువుకొనుచుండగా ఒక బ్రాహ్మణ యువకుడు వాకిట నిలిచి, తన భార్య కాన్పు కష్టమై పడియున్నది, వచ్చి రక్షించుమని వేడుకొన్నాడు. తనకు వైద్యము తెలియదు, తన తండ్రిగారు డాక్టరు, ఆయన వస్తారని ఆమె చెప్పినది. పరపురుషుడు తన భార్యను చూడరాదని అతడు వెళ్ళిపోయాడు. కొంతసేపటికి ఒక ముస్లిము వచ్చాడు. అదే కష్టము, అదే జవాబు. మూడవసారి మరియొక కులపు హిందువు వచ్చాడు. అతడును అట్లే వెళ్ళిపోయాడు. ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఊరిలోనుండి చావు డప్పులు వినబడినవి. విచారించగా ముగ్గురు స్త్రీలును చనిపోయినట్లు తెలిసినది. ఆమె గది తలుపు మూసికొని చాలసేపు ప్రార్థించి, బయటికి వచ్చి, తాను వైద్యము చదువుటకు అమెరికా వెళ్ళెదనని తల్లిదండ్రులకు చెప్పినది.

ఈ కథను మన ఆదివారపు బడులలో అనేకసార్లు చెప్పియున్నాము. చెప్పినప్పుడెల్ల పిలుపును గూర్చియే చెప్పితిమి. ఇప్పుడు చూడగా ఇందులో ఇంకొక సంగతి కలదు. ఆ ఇంటిలో డాక్టరు ఉన్నాడు, మందులున్నవి, బండి ఉన్నది. లేనిదెల్ల ఆ ఇండ్లలోనికి పోగలిగిన మనిషి. వైద్యము ఉండుట వేరు, వైద్యము గడప దాటి లోపలికి పోవుట వేరు.

ఆమె ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరి, స్త్రీలకు క్రొత్తగా ప్రవేశమిచ్చిన కార్నెల్ వైద్య కళాశాలలో చదువు ముగించి 1899లో పట్టము పొందారు. ఇండియాకు బయలుదేరకముందు వేలూరులో స్త్రీల ఆసుపత్రికి ధనము పోగుచేయవలసిన భారము ఆమె మీద పడినది. కోరినది 8,000 డాలర్లు. న్యూయార్కులో ఒక స్త్రీల మిషను సమాజపు అధ్యక్షురాలి ఇంటికి కొద్ది చందా అడుగుటకు వెళ్ళి మాటలాడుచుండగా, ప్రక్కగదిలో కూర్చున్న ఆమె బంధువు, షెల్ అనే వృద్ధ బ్యాంకరు, ఆ మాటలు విన్నాడు. మరునాడు పిలిపించి, చనిపోయిన తన భార్య పేరిట 10,000 డాలర్లు ఇచ్చాడు. అడిగిన చోట కాక ప్రక్కగదిలోనుండి చందా వచ్చుట సంఘ కోశాధికారులకు అనుభవమే.

1900వ సంవత్సరారంభమున ఆమె వేలూరు చేరారు. తండ్రిగారి వద్ద ఉండి పని నేర్చుకొనవలెనని ఆమె ఉద్దేశము. కాని కొద్ది నెలలలోనే ఆయన కేన్సరుతో ప్రభువునందు నిద్రించారు. డాక్టరు దొరగారు పోయిన తరువాత ఆ యువతి యొద్దకు ఎవరును రాలేదు. క్రమముగా బంగళా కిటికీ యొద్ద నిలువబడి మందు తీసికొనువారు పెరిగారు. ఆమెకు దొరికిన మొదటి సహాయకురాలు ఇంటిపనివారిలో ఒకరైన సలోమి. నర్సు చదువు చదివినది కాదు, కట్టు కట్టుట, మందు కలుపుట అమ్మగారే నేర్పారు. మొదటి రెండు సంవత్సరములలో 5,000 మంది రోగులను చూచారు. 1902లో మేరీ టేబర్ షెల్ స్మారక ఆసుపత్రి 40 పడకలతో తెరువబడినది. డాక్టరు మాత్రము ఒక్కరే.

ఆసుపత్రి కట్టిన తరువాత మనవారైతే ప్రారంభోత్సవ శిలాఫలకము చూచుకొని సంతోషించుదురు. ఆమెకు అక్కడే దిగులు మొదలైనది. గ్రామములనుండి వచ్చువారు ఆలస్యముగా వచ్చుచున్నారు. నాటు మంత్రసాని చేతిలో రెండు మూడు దినములు పడియుండి, ఆశ పోయిన తరువాత బండిలో వేసికొని వచ్చుచున్నారు. కండ్లు పోయిన తరువాత, పుండు కుళ్ళిన తరువాత వచ్చుచున్నారు. అందుచేత ఆమె తానే బయలుదేరారు. మొదట ఎడ్లబండి, తరువాత 1909 ప్రాంతమున ఫ్రాన్సులో చేసిన ప్యూజో అనే చిన్న మోటారు బండి. ఆ బండి శబ్దమునకు మొదట పల్లెలవారు పొలములకు అడ్డముపడి పరుగెత్తారట. వేలూరునుండి గుడియాత్తము సుమారు ఇరువది మైళ్ళకు పైబడిన దూరము. వారమునకు ఒక దినము ఆ దారిని పోవుచు, ఏర్పాటు చేసికొనిన చోట్ల చెట్టు క్రింద బండి ఆపేవారు. కొంతకాలమునకు బండి రాకముందే చెట్టు క్రింద జనము కూర్చుండుట మొదలుపెట్టారు. దీనినే వారు రోడ్డు ప్రక్క దవాఖానా అని పిలిచారు.

మా ప్రాంతపువారికి ఇది సులభముగా అర్థమగును. మా మండలములో నారాయణవలస పశువుల సంతకు ఎవరును కరపత్రము పంచరు, మైకు పెట్టరు. వారము వచ్చినది, సంత వచ్చినది. ఎద్దు అమ్మదలచినవాడు ఆ దినమునకు దానిని కడిగి సిద్ధము చేసికొనును. అమ్మగారి చెట్టు క్రింది వైద్యము ఇట్టి సంతయే. పోయిన వారము కట్టు కట్టిన పుండును ఈ వారము విప్పి చూచుదురు. మందు పని చేసినదో లేదో రోగి చెప్పును, డాక్టరు వినును. పోయిన వారము వచ్చి ఈ వారము రానివాడు ఏమైనాడని అడుగుటకు ప్రక్కింటివాడు అక్కడే ఉండును. తరువాతి కాలమున కుష్ఠరోగులకు అప్పటి ఔషధమైన చాల్‌ముగ్రా నూనె సూదిమందు కూడ ఈ చెట్ల క్రిందనే ఇచ్చారు. అది నెలల తరబడి విడువకుండ ఇవ్వవలసిన మందు. ఒక్కసారి వచ్చి పోవు శిబిరము వలన అట్టి పని కాదు.

ఆ బండిలో డాక్టరు ఒక్కరే పోలేదు. నర్సు ఉండును, మందులు కలుపు కాంపౌండరు ఉండును, వేచియున్నవారితో మాటలాడు సువార్తికురాలు ఉండును. కండ్లలో చుక్కలు వేయువారొకరు, కట్లు కట్టువారొకరు, సీసాలు నింపువారొకరు. ఒకరి పని ఆగిన ఇంకొకరి పని సాగదు. వేలూరులో కాంపౌండరులకు తరిఫీదు మొదట మొదలైనది. 1909లో డీలియా హౌటన్ గారి సహాయముతో నర్సుల పాఠశాల ఆరంభమైనది. ఆ దేశపు ఆడపిల్లలను డాక్టరులుగా తయారుచేయనిదే ఈ పని తీరదని అమ్మగారికి తోచినది. ఒక ముసలి దొరసాని ఎన్ని గడపలు దాటగలదు? ఆ గడపలలో పుట్టిన పిల్లలే డాక్టరులు కావలెను.

అట్లు 1918 ఆగస్టు 12వ తేదీన వేలూరులో స్త్రీల మిషను వైద్య పాఠశాల ప్రారంభమైనది. పలు మిషనులు కలిసి నడిపినది గనుక దానికి యూనియను అని పేరు. అప్పటి వైద్యశాఖ పెద్దలకు దానిపై నమ్మకము లేదు. అద్దె ఇండ్లు, కొన్ని ఎముకలు, కొద్ది పుస్తకములు, ఒక సూక్ష్మదర్శిని, ఇంతే సామగ్రి. మొదటి సంవత్సరాంతమున ప్రభుత్వ పరీక్షకు వెళ్ళిన 14 మంది బాలికలును, పురుషుల పాఠశాలల విద్యార్థులు అనేకులు తప్పిన ఆ పరీక్షలో, ఒక్కరైన తప్పక ఉత్తీర్ణులైనారు. 1922లో వారు చదువు ముగించి బయటికి వచ్చారు. అప్పుడిచ్చిన పట్టము ఎల్.ఎం.పి. ఆ అక్షరములను మన తాతల తరమువారు ఎంతో గౌరవముతో పలికేవారు.

ఇక్కడ మేము కొంచెము ఆగి చెప్పవలసిన సంగతి ఉన్నది. అమ్మగారు ఈ విద్యార్థినులను తరగతి గదిలోనే ఉంచలేదు. వంతుల ప్రకారము రోడ్డు ప్రక్క దవాఖానాకు తీసికొని పోయారు. ఆసుపత్రి మంచముమీద రోగి పండుకొనియుండును, అతని ఇల్లు కనబడదు. చెట్టు క్రింద అట్లు కాదు. గజ్జితో వచ్చిన పిల్లవాని వెనుకనే వాడు స్నానము చేసే కుంట కనబడును. రక్తము లేక పాలిపోయిన బాలింత వెనుకనే ఆమె అత్తగారు, పథ్యము పేరిట ఆమెకు పెట్టని కూర కనబడును. మందు రోజుకు మూడు పూటలు వేయుమని చెప్పిన విద్యార్థిని, ఆ ఇంటిలో అన్నము ఒక పూటయే ఉన్నదని తెలిసికొనును. నర్సుకు తెలిసినది డాక్టరుకు తెలియదనియు, కాంపౌండరుతో చెప్పుకొనిన మాట రోగి డాక్టరుతో చెప్పుకొనలేదనియు అక్కడ బయటపడును. ఒకే బండిలో కూర్చుండి పోవువారు ఒకరినొకరు చిన్నచూపు చూచుట కష్టము. నేటి వైద్యవిద్యలో పలు శాఖల విద్యార్థులు కలిసి గ్రామములో నేర్చుకొనవలెనని పెద్ద పెద్ద సభలలో చెప్పుచున్నారు. ఆ మాట పుట్టకముందే ఆ బండి నడిచినది.

తరువాతి చరిత్ర కష్టముల చరిత్ర, త్వరగా చెప్పి ముగించెదము. 1920లలో పట్టణము నడుమ పెద్ద ఆసుపత్రి వచ్చినది. 1928లో గాంధీగారు ఆ పాఠశాలను చూచారు. 1930లలో పట్టణము వెలుపల బాగాయములోని విశాలమైన ఆవరణకు పాఠశాల మారినది. ఇంతలో మద్రాసు ప్రభుత్వము ఎల్.ఎం.పి. చదువులు రద్దుచేసి, విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. పట్టము కావలెనని నిర్ణయించినది. దానికి కావలసిన భవనములు, ఆచార్యులు, ధనము లేక పాఠశాల మూతపడు స్థితి వచ్చినది. డెబ్బది ఏండ్ల వయస్సులో, 1941లో, యుద్ధము జరుగుచుండగా ఆమె ఓడ ఎక్కి అమెరికా వెళ్ళి ఊరూర తిరిగి ధనము పోగుచేశారు. పురుషులను కూడ చేర్చుకొనుటకు ఆమె ఒప్పుకొనగా, స్త్రీలకొరకే జీవితమంతయు చందాలు పోగుచేసిన ఆమె పాత స్నేహితులే ఎదురు తిరిగారు. ఆ నొప్పి చిన్నది కాదు. అయినను 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు మొదలైనవి, 1947లో పురుషులు చేరారు. 1946లో నర్సింగు డిగ్రీ చదువు కూడ అక్కడ ఆరంభమైనది. మన దేశములో అట్టి చదువు మొదట వచ్చిన చోట్లలో అది ఒకటి.

1946లో ఆమె పని విరమించారు. తరువాత ఆ సంస్థ పగ్గములు చేపట్టిన మొదటి భారతీయురాలు ఎవరో మన సంఘస్థులలో ఎందరికి తెలియును? ఆమె మన ఉత్తరాంధ్ర బిడ్డ. 1890లో విశాఖపట్నములో జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, ప్రభుత్వ స్త్రీ వైద్య సేవలో పనిచేసిన డాక్టర్ హిల్డా లాజరస్ గారు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆ దినములలో ఐడా అమ్మగారి భారము విశాఖ ఆడపడుచు భుజముల మీదికి వచ్చినది. 1961లో భారత ప్రభుత్వము హిల్డా గారికి పద్మశ్రీ ఇచ్చినది, 1978లో ఆమె కన్నుమూశారు. ఆమెను గూర్చి వేరొక వ్యాసమే వ్రాయదగును. యువజనులలో ఎవరైన పూనుకొన్న మేము సంతోషించెదము.

ఐడా అమ్మగారు 1960 మే 24వ తేదీన కొడైకెనాలులోని తమ కొండ ఇంటిలో మరణించారు. ఎనుబది తొమ్మిది ఏండ్ల జీవితము. ఆమె వివాహము చేసికొనలేదు.

చెట్టు క్రింది బడి ఆమెతో ఆగిపోలేదు. వేలూరు కళాశాలలో మెడికల్ విద్యార్థులను, నర్సింగు విద్యార్థులను, ఇతర ఆరోగ్య శాఖల విద్యార్థులను కలిపి మొదటి సంవత్సరమందే కొన్ని వారములు గ్రామములో ఉంచి, ఇంటింటికి పోయి లెక్కలు వ్రాసి, ఆ ఊరి నీరు, కూడు, పని తెలిసికొనే పద్ధతి ఏర్పడినది. 1977లో కె.వి.కుప్పము ప్రాంతములో రూషా అనే గ్రామీణ కేంద్రము వచ్చినది. అక్కడ వైద్యముతోపాటు వ్యవసాయము, చేతిపని కూడ చూచారు. ప్రభుత్వమువారును ఈ దారికి వచ్చారు. 1946లో భోర్ కమిటీ ప్రతి వైద్య విద్యార్థికి వ్యాధి నివారణలోను, సాంఘిక వైద్యములోను మూడు నెలల శిక్షణ ఉండవలెనన్నది. 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రతి ఎం.బి.బి.ఎస్. విద్యార్థి గ్రామములో కొన్ని కుటుంబములను మొదటి సంవత్సరమునుండి చూచుకొనవలెనని విధించినది. విధించుట వేరు, జరుగుట వేరు. సంతకములు పెట్టించుకొని పోవు విద్యార్థులను మేమును చూచితిమి.

మన జిల్లాకు ఈ సంగతి అవసరము లేదనగలమా? మాకు ఉత్తరముగా ఉద్దానము ఉన్నది. కొబ్బరి, జీడి తోటల మధ్య పచ్చగా కనబడు ఆ పల్లెలలో మూత్రపిండముల జబ్బు ఇంటింటిని తాకినది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము తెరువబడినవి. మంచిదే. కాని ఆ జబ్బు చాలకాలము నొప్పి లేకుండ పెరుగును. కాలు వాచి ఆసుపత్రికి వచ్చునప్పటికి కాలము మించియుండును. దానిని ముందుగా పట్టుకొనవలెనన్న రక్తము పరీక్ష చేయువాడు, మందు చెప్పువాడు, ఇంటికి వచ్చు నర్సు, త్రాగునీరు చూచువాడు, తిండి సంగతి చెప్పువాడు కలిసి ఆ పల్లెలకు వెళ్ళవలెను, మళ్ళీ వెళ్ళవలెను. సోంపేటలో కెనడా మిషనరీ డాక్టర్ బెన్ గలిసన్ గారు కండ్ల వైద్యము అట్లు ఓర్పుతో చేశారు. ఆ పని చూచి కదిలినవారు 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ స్థాపించారు. కనుక ఇది వేలూరువారికే చేతనైన పని అని మనము తప్పించుకొనలేము.

ఒక సంగతి మనవారికి కోపము వచ్చినను చెప్పవలెను. వైద్య విద్యకు సంఘము సిఫారసు పత్రము కావలసినప్పుడు తల్లిదండ్రులు పాస్టరు ఇంటికి పలుమారులు వచ్చుదురు. చదువైన తరువాత కొన్నేండ్లు సంఘమువారు చూపిన చోట సేవ చేయుదుమని ఒప్పుకొని సంతకము చేయుదురు. తరువాత ఆ సేవ తప్పించుకొనుటకు కూడ పాస్టరు ఇంటికే వచ్చుదురు. మేము ఆ రెండు విధముల పత్రములును వ్రాసియున్నాము. రెండవది వ్రాసినందుకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాము.

ముసలమ్మ మాత్రల రేకు సంగతి ముగించి చాలించెదము. ఆ శిబిరము తరువాతి యేడు మేము శిబిరము పెట్టలేదు. దానికి బదులు మా స్త్రీల సమాజమువారు ఒక నోటుపుస్తకము కొని, రక్తపోటు ఉన్నవారి పేర్లు వ్రాసి, వారమునకు ఒక దినము ఆలయ వరండాలో ఏ.ఎన్.ఎం. గారిని కూర్చుండబెట్టుటకు ఒప్పించారు. మొదటి వారము నలుగురు వచ్చారు. రెండవ వారము వాన కారణముగా ఏ.ఎన్.ఎం. గారు రాలేదు. మూడవ వారము వచ్చారు. కొన్ని నెలల తరువాత ఇద్దరు నర్సింగు విద్యార్థినులు, ఒక మెడికల్ విద్యార్థి వారితో కలిసి కూర్చుండుటకు వచ్చారు. ఆ అబ్బాయి రక్తపోటు చూచి మాత్రలు వ్రాసి లేవబోగా, నర్సింగు పిల్లలలో ఒకతె ముసలమ్మను, ఎండుచేప ఎన్ని దినములకు ఒకసారి వండుకొనుచున్నావని అడిగినది. రోజూ అని ఆమె చెప్పినది. అబ్బాయి మళ్ళీ కూర్చున్నాడు. ఖాళీ రేకును ముసలమ్మ అప్పుడు కొంగు ముడి విప్పి అతని చేతిలో పెట్టినది.